వడ్రంగిపిట్ట కొట్టినన్నాళ్ళూ

పార్సిప్పనీలో మేం మొదట అద్దెకున్నది ఒక ఇంటి పై భాగంలో. కింది భాగంలో ఆ ఇంటి యజమానురాలు ఒక్కతే ఉండేది. అరవై దాటిన మనిషి. స్కూల్లో పిల్లలకు బృందగానం నేర్పి రిటైరైంది. నడివయసులో కళ్ళకు ఏదో జబ్బు చేసి, మెల్లగా చూపంతా పోయిందట. ఆ సంగతులన్నీ ఇల్లు చూపించినాయన ముందే చెప్పాడు. పెరట్లో ఆకాశంలోకి లేచిన ఇనప స్తంభం గురించి, దాని కొసన చేపముల్లులా అడ్డంగా ఉన్న కడ్డీల గురించి మాత్రం ఏమీ చెప్పలేదు. అది పెద్ద టీవీ ఏంటెన్నా కాబోలనుకున్నాం. చూపు లేనావిడకి అంత పెద్ద టీవీ ఏంటెన్నా ఎందుకన్న అనుమానం మాత్రం మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

డెబ్భైల చివరి సంవత్సరాలు. మావారికి అక్కడో మందుల కంపెనీలో కెమిస్టు ఉద్యోగం. నాకు ఉద్యోగం లేదు, డ్రైవింగ్ రాదు. ఆ ఊళ్ళో కారు లేకపోతే పాలకి కూడా వెళ్ళలేం. ఆయన కారు తీసుకుని వెళ్ళిపోతే నాకు మిగిలేది టీవీ. ఆ టీవీ మీద ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి అడ్డగీతలు పడటం మొదలుపెట్టాయి. పడటం, ఆగటం, మళ్ళీ పడటం. అప్పుడు ఆయనా ఇంట్లోనే ఉన్నారు, సెలవు రోజు.

"పిక్చర్ ట్యూబ్ పోయినట్టుంది. నిన్ననేగా బాగా పనిచేసింది?" అన్నారు, టీవీ నెత్తిన రెండు దెబ్బలు వేసి.

నేను ఆ గీతల్నే చూస్తున్నాను. వాటికో వరస ఉంది. పొట్టిది, పొడుగుది, పొట్టిది. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నదాన్ని. కాళ్ళు మరిచిపోయినా చెవికి తాళం పోలేదు. "ఇది పాడైపోవటం కాదండీ, ఎవరో వాయిస్తున్నారు" అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశారు.

మెట్లు దిగి వెళ్ళి తలుపు తట్టాను. పెద్దావిడ తలుపు తీసింది. నా మనసులో ఆవిడకు అప్పుడే ఆ పేరు పడిపోయింది, చివరిదాకా అదే ఉండిపోయింది. మా టీవీ సంగతి నాకు వచ్చిన ఇంగ్లీషులో, ఆవిడ నొచ్చుకోకుండా చెప్పటానికి నానా తంటాలూ పడ్డాను.

"ఏ ఛానెల్?" అని అడిగింది.

చెప్పాను.

"అయ్యో, వాళ్ళు నన్ను టీవీలో వేస్తారనుకోలేదే! ఎలా కనబడ్డాను?" అని పకపకా నవ్వింది. తరవాత సొరుగులోంచి అగ్గిపెట్టెంత డబ్బీ ఒకటి తీసుకుని, కర్ర కూడా లేకుండా గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. టీవీ వెనక చెయ్యి పెట్టి, వేళ్ళతో తడిమి తీగ ఊడదీసి, మధ్యలో ఆ డబ్బీ బిగించింది. ఆవిడ రేడియో నుంచి వెళ్ళే సంకేతాలు టీవీలోకి రాకుండా ఆపే ఫిల్టరట అది. గీతలు పోయాయి. మావారు నోరు తెరిచి చూస్తూ నిలబడ్డారు.

"నీకు అది వాయింపులా ఎలా అనిపించింది?" అని వెళ్ళబోతూ నన్ను అడిగింది. వరస ఉందన్నాను. "ఖాళీగా ఉంటే కిందికి రా, వినిపిస్తాను" అంది.

అలా వెళ్ళాను. వంటగది పక్కన చిన్న గది. బల్ల మీద బూడిదరంగు రేడియో, దాని మీటల పక్కన ఆవిడ అంటించుకున్న, వేళ్ళతో చదివే చుక్కల అక్షరాలు, ఒక పక్క పొట్టి పొడుగు మోతలతో అక్షరాలు పంపే మోర్స్ మీట. నా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, ఆవిడ పెద్ద బిళ్ళని తిప్పుతూ పోయింది. మొదట జల్లెడలో బియ్యం జల్లిస్తున్నట్టు చప్పుడు. దానిలోంచి ఒక మగ గొంతు సన్నగా తేలి వచ్చింది. బ్రెజిల్ నుంచట. ఆ గొంతు పెరిగి, తరిగి, మళ్ళీ పెరిగింది. అలా ఊపిరి తీసినట్టు ఎందుకవుతుందో నాకు తెలుసు. నేను విశాఖపట్నంలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేశాను. మా మాస్టార్లు రేడియో తరంగాల్ని వెనక్కి తిప్పే ఆకాశపు పొరల మీద పరిశోధనలు చేసినవాళ్ళు. ఆ పొరల గురించి నేను పరీక్షలో పేజీలకు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. కానీ వాటిని చెవితో వినటం అదే మొదలు. కుర్చీలో కూర్చున్నదాన్ని ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు.

సరిగ్గా అప్పుడు ఆ బ్రెజిల్ గొంతు మీద ఒక చప్పుడు వచ్చి పడింది. టకటకటకటక మని, కుట్టుమిషన్ మీద ఎవరో ఆపకుండా తొక్కుతున్నట్టు. గొంతు ముక్కలు ముక్కలైపోయింది. నేను హెడ్‌ఫోన్లు తీసేశాను. తీసేసినా గదిలోకి వినపడుతూనే ఉంది.

"వచ్చాడా మా చుట్టం?" అంది పెద్దావిడ. "ఇతన్ని మేం వడ్రంగిపిట్ట అంటాం. ఒకటి రెండేళ్ళుగా వస్తున్నాడు. ఎప్పుడొస్తాడో తెలియదు, ఎప్పుడు పోతాడో తెలియదు."

"ఎవరు?"

"అదే ఎవరూ చెప్పటం లేదు."

తరవాత నా చేత్తో ఒక మీట నొక్కించింది. పెరట్లో స్తంభం మీది కడ్డీలు మోటారుతో మెల్లగా తిరగసాగాయి. దక్షిణానికి తిప్పితే చప్పుడు సన్నబడింది. ఈశాన్యానికి తిప్పేసరికి చెవులు పగిలిపోయేంత పెరిగింది. "అట్లాంటిక్ దాటి, యూరప్ దాటి, అటు" అంది ఆవిడ చెయ్యి చాపి. కళ్ళు లేని మనిషి వేలు అంత తిన్నగా దిక్కును చూపించటం నేను అంతకు ముందెక్కడా చూడలేదు.

ఆ వేసవి నుంచి ఆవిడ నాకు మోర్స్ నేర్పటం మొదలుపెట్టింది. చుక్కలూ గీతలూ కాగితం మీద రాసుకోబోతే వద్దంది. "రాసుకుంటే కళ్ళకొస్తుంది. నీకు చెవికి రావాలి." నాకు తోచిన దారి ఒకటే. చుక్కకి 'త', గీతకి 'ధీం' పెట్టుకున్నాను. మొదటి అక్షరం త ధీం. రెండోది ధీం త త త. మూడోది ధీం త ధీం త. వంట చేస్తూ జతుల్లా చదువుకుంటుంటే కింద నుంచి పెద్దావిడ కర్రతో పైకప్పు తట్టి, "ఆ చివరిది మళ్ళీ అను!" అని కేక పెట్టేది. బృందగానం నేర్పిన మనిషి కదా, నా 'తధీం'లు ఆవిడకు తెగ నచ్చేశాయి. కొన్నాళ్ళకు ఆవిడ కూడా వాటినే అంటూ కాఫీ కలుపుకోవటం విన్నాను. మా అమ్మమ్మ అయినా అంత శ్రద్ధగా తాళం వేసి ఉండదు.

సొంతంగా రేడియోలో మాట్లాడే లైసెన్సు కోసం పరీక్ష రాస్తానంటే మావారు భయపడ్డారు.

"మనం ఫారినర్స్‌మి. నువ్వు రేడియోలో రష్యావాళ్ళతో మాట్లాడితే రేపు గ్రీన్‌కార్డ్ విషయంలో ఏమన్నా ప్రాబ్లమ్ వస్తే?"

"ఆవిడ ఇన్నేళ్ళుగా మాట్లాడుతోంది కదండీ."

"ఆవిడ అమెరికన్. మనల్ని వాళ్ళతో కంపేర్ చేస్తావా?"

ఆ మాట నేను మోసుకెళ్ళి పెద్దావిడకు చెప్పాను. ఆవిడ ఆయన్ని భోజనానికి పిలిచింది. శాకాహారమని తెలుసుకుని, తన చేత్తో మొక్కజొన్నల సూపు చేసింది. తినటం అయ్యాక ఆయనకి హెడ్‌ఫోన్లు పెట్టి, తాను మీట కొట్టి, వచ్చిన జవాబు ఒక్కొక్క మాటా పైకి చెప్పింది. ఫిన్లాండులో ఒకాయన. అక్కడ మంచు పడుతోందట, ఆయన కుక్కకి ఒంట్లో బాగాలేదట. "ప్రభుత్వానికి నేను ఇవన్నీ మాట్లాడుతున్నానని తెలుసు. వాళ్ళే లైసెన్సు ఇచ్చారు. ఈ కుక్క జబ్బు సంగతి విని ఎవరైనా భయపడితే, వాళ్ళ మీద నాకు జాలి" అంది. మావారు నవ్వేశారు. నన్ను న్యూయార్క్‌లో పరీక్షకి తీసుకెళ్ళింది ఆయనే. బయట కారిడార్లో నాకంటే ఎక్కువ చెమటలు పట్టింది కూడా ఆయనకే. పాసయ్యాను. తరవాత ఆ స్తంభం మీద తీగ తెగినప్పుడల్లా నిచ్చెనెక్కే పని కూడా ఆయనదే అయింది.

వడ్రంగిపిట్ట గురించి అప్పటికి ఊరంతా పుకార్లు. మా తెలుగువాళ్ళ భోజనాల్లో కూడా ఆ ముచ్చటే. ఒకసారి ఒక డాక్టరు గారింట్లో అందరం కలిశాం.

"అది మైండ్ కంట్రోల్ అటండీ. మన బ్రెయిన్ వేవ్స్‌ని డిస్టర్బ్ చేయడానికి పంపుతున్నారట" అన్నారు గుంటూరు నుంచి వచ్చిన ఒక ఇంజనీరు.

"నాకు పొద్దుగాల లేస్తే తలనొప్పి వస్తున్నది. గదేనేమో మరి" అన్నాడు వరంగల్ కుర్రాయన.

"నీకు తలనొప్పి శనివారం రాత్రి తాగిన దానివల్ల" అంది ఆయన భార్య. అందరూ నవ్వారు.

నేను నాకు తెలిసినంత చెప్పాను. అది మిలటరీ రాడార్ అయి ఉండవచ్చని, ఆకాశపు పొరకి తగిలించి సముద్రాల అవతలి క్షిపణుల్ని చూడటానికి వాడుతున్నారని, సెకనుకు పదిసార్లు కొట్టే ఆ దెబ్బల మధ్య ఖాళీలో తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటారని రేడియోవాళ్ళు అనుకుంటున్నారన్నాను. ఆడవాళ్ళకి ఇవన్నీ ఎందుకన్నట్టు ఒకరిద్దరు చూశారు. డాక్టరు గారు మాత్రం మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకున్నారు.

అసలు బాధ పడ్డది మాత్రం రేడియోవాళ్ళే. మాలా సరదాకి రేడియో నడిపే ఔత్సాహికులకని వదిలిన కొద్దిపాటి జాగాలో కూడా పిట్ట వచ్చి వాలేది. ఎక్కడో సముద్రం మీద పడవలో ఒంటరిగా పోతున్నవాడు తన క్షేమం చెబుతుంటే వాలేది. కొందరికి ఒళ్ళు మండిపోయి, అందరం కలిసి అదే చోట, అదే వేగంతో చుక్కలు పంపుదాం, అవతలివాడి తెర నిండా లేని విమానాలు కనబడతాయి, వాడే ఎగిరిపోతాడు అని రేడియోలోనే పిలుపులిచ్చేవాళ్ళు. నాకు మహా ఉత్సాహం వచ్చింది.

"మనమూ కొడదామా?" అన్నాను.

"నేను ఒకసారి కొట్టాను" అంది పెద్దావిడ. "నిజంగానే ఎగిరిపోయాడు. నేను గర్వంగా చేతులు దులుపుకున్నాను. కాస్త పైకి తిప్పి చూస్తే అక్కడ వాలి ఉన్నాడు. అక్కడ ఒక ముసలాయన తన మనవడితో మాట్లాడుకుంటున్నాడు. నేను పిట్టని చంపలేదు, పక్కింటికి తోలాను అంతే. ఆ తరవాత నాకు మళ్ళీ కొట్టాలనిపించలేదు."

ఆవిడ చేసే పని వేరు. పిట్ట వచ్చినప్పుడు మీట మీద చెయ్యి తీసి, ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. పోయేదాకా ఆగేది. పోకపోతే అదే మాట రెండేసిసార్లు, మూడేసిసార్లు, తొందర లేకుండా పంపేది. విసుక్కోవటం నేను ఎన్నడూ వినలేదు. "నా క్లాసులో ఎప్పుడూ ఒకడు బల్ల మీద వేళ్ళతో దరువేసేవాడుండేవాడు. వాడికోసం పాట ఆపితే మిగతా పిల్లలకి పాట రాదు" అనేది. ఆ దరువులోంచి, నాకు అసలు ఏమీ లేదనిపించే చోట నుంచి, ఆవిడ ఒక బలహీనమైన స్టేషనును పట్టుకుని, అక్షరం తరవాత అక్షరం పైకి చెబుతుంటే నాకు ఒళ్ళు జలదరించేది. చూపు పోయాక అంతకంత చెవి పదునెక్కుతుందని అందరూ అంటారు. ఆవిడ ఒప్పుకునేది కాదు. "ఊరికే ఎక్కలేదు. కూర్చుని విన్నాను" అనేది.

ఎనభైల మొదట్లో మేం కాస్త దూరంలో సొంత ఇల్లు కొనుక్కున్నాం. అప్పటికి నాకు డ్రైవింగ్ వచ్చింది, ఒక కాలేజీలో లాబ్ ఉద్యోగం వచ్చింది, పాప పుట్టింది. అయినా శనివారం పొద్దున్న మాత్రం పెద్దావిడ ఇంటికి వెళ్ళేదాన్ని. ఆ పూట ఆవిడకు ఒక పాత స్నేహితుడు దొరికేవాడు. కీవ్ ఊళ్ళో లెక్కల మాస్టారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నది లేదు, గొంతు విన్నది లేదు, అంతా మోర్స్‌లోనే. సోవియట్ రేడియోవాళ్ళు ఎక్కువ మాట్లాడేవాళ్ళు కాదు. వాతావరణం, ఏంటెన్నా ఎత్తు, సిగ్నలు ఎలా వస్తోంది, శుభాకాంక్షలు, అంతే. ఆ కొంచెంలోనే ఆవిడ ఆయన్ని పూర్తిగా ఎరిగి ఉండేది. చేతిరాతలో దస్తూరి ఉన్నట్టే మోర్స్ కొట్టే చేతికీ దస్తూరి ఉంటుంది. మాట చివర గీతని ఆయన కొద్దిగా సాగదీసేవాడు, దీర్ఘం తీసినట్టు. "ఇవాళ మాస్టారికి జలుబు చేసింది. చూడు, గీతలు పొట్టిగా ఉన్నాయి" అనేది పెద్దావిడ. నాకు నమ్మబుద్ధయ్యేది కాదు. చివర్లో ఆయన తనకి జ్వరం వచ్చి తగ్గిందని పంపేవాడు.

ఒక శనివారం వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుండగా పిట్ట వచ్చి పడింది. అలవాటు ప్రకారం పెద్దావిడ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు కొట్టి ఆగింది. ఆగగానే ఆవిడ, 'క్షమించు, ఇక్కడ చప్పుడు' అని మాత్రం పంపింది. ఎవరి చప్పుడో ఆవిడకి తెలుసు, ఆయనకీ తెలుసు. ప్రపంచం నలుమూలల నుంచి ఔత్సాహికులు దిక్కులు పట్టి మ్యాపు మీద గీసిన గీతలు ఆయన ఉండే ప్రాంతంలోనే కలుస్తున్నాయని అప్పటికే అందరూ చెప్పుకుంటున్నారు. కొంచెంసేపు ఉత్త గాలి చప్పుడే వచ్చింది. వెళ్ళిపోయాడనుకున్నాను. అప్పుడు మెల్లగా, ఒక్కొక్క అక్షరం విడిగా వచ్చింది.

"పిట్ట. ఇక్కడ కూడా."

అంతే. వెంటనే వాతావరణం మొదలుపెట్టాడు.

పెద్దావిడ నా వైపు తిరిగింది. "విన్నావా?" అంది నాతో. "వాళ్ళ నెత్తిన కూడా కొడుతోంది. మనమైతే తిట్టుకుంటాం. ఆ మనిషికి ఆ వీలు కూడా లేదు. అయినా చెప్పాడు చూడు."

ఆ మాట ఆయన మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఆవిడా అడగలేదు. కానీ ఆ రోజు నుంచి పిట్ట వచ్చినప్పుడల్లా ఇద్దరూ చెప్పుకోకుండానే ఒకేసారి ఆగేవాళ్ళు, పోగానే ఒకేసారి మొదలుపెట్టేవాళ్ళు. ఒక్కొక్కసారి ఇద్దరి చుక్కలూ గుద్దుకునేవి. అప్పుడు ఆవిడ నవ్వే నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

తరవాత ఎనభై ఆరులో ఆ వసంతం వచ్చింది. కీవ్‌కి ఎగువన ఉన్న అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగిందన్న వార్త టీవీలో చూడగానే నేను పాపని మావారికి అప్పజెప్పి కారు తీశాను. వెళ్ళేసరికి పెద్దావిడ రేడియో ముందు కూర్చునే ఉంది. శనివారం కాకపోయినా మాస్టారి స్టేషనుకి పేరుగా ఉండే సంకేతాన్ని కొట్టి పిలుస్తోంది. జవాబు లేదు. ఆయనే కాదు, ఆ ఊరి నుంచి ఒక్క స్టేషనూ వినపడలేదు. ఆ ప్రాంతంలో ఔత్సాహికుల్ని రేడియోలో ఏమీ పంపకుండా ఆపేశారని కొన్నాళ్ళకు ఎవరో అన్నారు.

ఇంకో సంగతి కూడా మేం గమనించాం. పిట్ట కూడా మునుపటంత గట్టిగా రావటం లేదు. ఎప్పుడో, ఎక్కడో, సన్నగా. నేను సంతోషపడాల్సిన మాట. కానీ ఆ దిక్కు నుంచి వచ్చే ఆ నిశ్శబ్దం నాకు భయం పుట్టించింది.

"ఇంక ఆయన రారేమో" అన్నాను ఒక శనివారం, నోరు జారి.

"రాకపోవచ్చు" అంది పెద్దావిడ. "కానీ శనివారం నా వంతు నేను పిలవాలి కదా."

పిలిచింది. వేసవంతా పిలిచింది. మధ్యలో ఆవిడకు తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో పడింది. మొదటి శనివారం మంచం మీద నుంచి నాకు ఫోన్ చేసి, "నువ్వెళ్ళి పిలువు. నా సంకేతంతో కాదు, నీ సంకేతంతోనే. కానీ నేను కొట్టే వేగంతో కొట్టు, తొందరపడకు" అంది. ఖాళీ ఇంట్లో, ఆవిడ కుర్చీలో కూర్చుని, నేను ఆ మాస్టారిని పిలిచాను. పిలిచి, ఆగి, విని, మళ్ళీ పిలిచాను. పక్క కుర్చీలో మా పాప బొమ్మలు వేసుకుంటూ, "అమ్మా, ఆ అంకుల్ ఇంట్లో లేడా?" అని అడిగింది తన అమెరికా తెలుగులో. లేడన్నాను. "మరి వై ఆర్ యూ కాలింగ్?" అంది. నేను మళ్ళీ మీట మీద చెయ్యి వేసి పిలిచాను.

పెద్దావిడ చేతికర్ర పట్టుకుని ఇంటికి వచ్చాక మళ్ళీ తానే పిలవసాగింది. ఆకులు రాలటం మొదలైంది. ఆ శనివారం నేను వంటగదిలో టీ పెడుతున్నాను. గదిలోంచి పెద్దావిడ గట్టిగా నా పేరు పిలిచింది. అంత గట్టిగా ఆవిడ ఎప్పుడూ పిలవలేదు. పరిగెత్తాను. స్పీకరులోంచి ఒక స్టేషను వస్తోంది. ఎవరో గాని, తన సంకేతం ఇంకా పూర్తి చెయ్యలేదు. కానీ మాట చివర గీత సాగింది, దీర్ఘం తీసినట్టు.

"ఆయనే" అంది పెద్దావిడ. ముఖమంతా తడిసి ఉంది.

ఆయనే. చాలాకాలంగా పంపటానికి వీలు లేకపోయిందని, ఇప్పుడు వీలైందని చెప్పాడు. పెద్దావిడ, 'మీ వాళ్ళు?' అని అడిగింది. అందరూ క్షేమం, పిల్లల్ని వేసవిలో దూరంగా దక్షిణాన చుట్టాలింటికి పంపాం, తిరిగొచ్చారు, బడి తెరిచారు అన్నాడు. వాతావరణం చెప్పాడు, వర్షంట. తరవాత కొంచెం ఆగి, ఇంకో ముక్క పంపాడు. అది నేనే పైకి చదివాను.

"పంపటం కుదరలేదు. వినటం కుదిరింది. ప్రతి శనివారం మిమ్మల్ని విన్నాను. మధ్యలో కొత్త చెయ్యి వచ్చింది. మీకేమైందోనని దిగులుపడ్డాను."

ఆ కొత్త చెయ్యి నేను. అంతదూరంలో, అంత కష్టంలో ఉన్న మనిషి ఇటు కూర్చున్న మా కోసం దిగులుపడ్డాడు. పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని మీట మీద పెట్టింది. "చెప్పు. నువ్వే చెప్పు" అంది. తుంటి విరిగిందని, ఇప్పుడు నడుస్తున్నారని పంపాను. నా జీవితంలో అంత తప్పులతడకగా ఎప్పుడూ కొట్టలేదు. ఆయన అంతా అర్థం చేసుకున్నాడు.

టీ ఎప్పుడో మరిగి మరిగి గిన్నె మాడిపోయింది. ఆ వాసనకి ఇద్దరం ఈ లోకంలోకి వచ్చాం.

ఆ తరవాత మూడు నాలుగేళ్ళు ఆ శనివారాలు సాగాయి. పిట్ట అప్పుడప్పుడు ఇంకా వచ్చేది, కానీ దానిలో మునుపటి పట్టు లేదు. ఎనభైల ఆఖరుకి అది ఎప్పుడు ఆగిపోయిందో కూడా ఎవరికీ కచ్చితంగా తెలియలేదు. వచ్చినప్పుడు అందరం గమనించాం. పోయినప్పుడు, కొన్ని వారాలుగా వినలేదే అని ఒకరినొకరం అడిగి తెలుసుకున్నాం.

అప్పటికి పెద్దావిడ ఇల్లు అమ్మేసి, వృద్ధులుండే ఒక చోటికి మారింది. అక్కడ స్తంభాలు పాతనివ్వరు. ఆవిడ రేడియో నాకిచ్చింది. ఒక పొద్దున్న దాన్ని పెట్టుకుని వింటుంటే అలలు ఎంత తేటగా ఉన్నాయంటే, ఆవిడకు వినిపించాలనిపించి ఫోన్ చేసి, రిసీవరు స్పీకరు దగ్గర పెట్టాను. ఇటలీ ఒకటి, ఐర్లాండు ఒకటి, ఇంకా ఎవరెవరో.

"ఉన్నారా?" అన్నాను.

"ఆగు" అంది కసురుకుంటూ. "వెనకాల ఒక బలహీనమైనవాడు పిలుస్తున్నాడు, వాడికి ఎవరూ జవాబివ్వటం లేదు. నీకు వినపడటం లేదా?"

నాకు వినపడలేదు. ఫోన్లోంచి, అన్ని మైళ్ళ అవతల నుంచి, ఆవిడ ఆ సంకేతాన్ని అక్షరం తరవాత అక్షరం నాకు చెప్పింది. నేను బిళ్ళ కొద్దిగా తిప్పి, చెవి దగ్గరగా పెట్టి, చివరికి పట్టుకున్నాను. పోర్చుగల్ నుంచి ఎవరో కొత్తగా లైసెన్సు తీసుకున్న మనిషి, తడబడుతూ, మొదటిసారి సముద్రం దాటి పిలుస్తున్నాడు.

"నెమ్మదిగా కొట్టు" అంది పెద్దావిడ. "భయపడతాడు."

ఫోను పక్కన పెట్టి, నెమ్మదిగా కొట్టాను.